ఎదురింటి దుమ్ము మా ఇంటిదే

నా ఊపిరి తీయబోయింది పరాయివాళ్ల ఇల్లు కాదు, మా ఇల్లే. అందుకే ఆ సంగతి ఒప్పుకోవడానికి ఇంటిల్లిపాదికీ అంత కాలం పట్టింది. పరాయివాళ్లయితే మొదటి వారంలోనే నడిరోడ్డు మీద నిలబెట్టి కడిగేసేదాన్ని. నా నోటి సంగతి భవానీపురంలో మా వీధి వీధంతా ఎరుగుదురు.

ఇప్పుడు బాగానే ఉన్నాను. మెట్లెక్కుతున్నాను, చీరల మూటలు దించుకుంటున్నాను, ఆయన మీద ఎప్పట్లాగే కేకలేస్తున్నాను. కేకలేసినా దగ్గు రావడం లేదు, అదీ విశేషం. ఇంకొన్నాళ్లు పోతే పడ్డ బాధ మరిచిపోతాను, మనిషి గుణమే అంత. అందుకని గుర్తున్నప్పుడే రాసిపెడుతున్నాను. మీ వీధిలో కూడా ఎవరో ఒకరు ఇల్లు కడుతూనే ఉంటారు కదా.

మాది పాత డాబా ఇల్లు. వాన పడితే వంటింట్లో గిన్నెలు పెట్టుకోవాల్సి వచ్చేది. మా ఆయనకి గవర్నర్‌పేటలో చిన్న బట్టల కొట్టు ఉంది. నేను మంగళగిరి నేతవాళ్ల పిల్లని. పుట్టింటివైపు నుంచి చీరలు తెప్పించి ఇంటి దగ్గరే అమ్ముతాను. పిల్లలిద్దరూ కాలేజీ హాస్టళ్లలో ఉన్నారు. ఇంట్లో ఉండేది మేమిద్దరం, మా అత్తగారు. ఆ ఇంటిని పడగొట్టి కొత్తది కట్టిద్దామనుకున్నప్పుడు బిల్డర్లు ఒకరి తర్వాత ఒకరు వచ్చారు. మా ఆయన ఎవరినీ తేల్చుకోలేక చివరికి, "వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఒకటే. మన మోహన్‌రావు బావ ఉన్నాడుగా" అన్నారు.

మోహన్‌రావు గారు మా ఆడపడుచు రాజ్యం వదిన భర్త. నాకు వరసకు అన్నయ్య అవుతారు. ఊళ్లో మంచి పేరున్న బిల్డరు, మాట మీద నిలబడే మనిషి. ఆయన మోసం చేస్తారని నాకు అప్పుడూ అనుమానం లేదు, ఇప్పుడూ లేదు. వచ్చిన చిక్కల్లా ఆయన మా ఇంటి అల్లుడు కావడమే. మన ఇళ్లలో అల్లుణ్ణి ఇదేమిటని అడగడం ఉంటుందా? మా అత్తగారైతే కూతురి పెళ్లయిన నాటి నుంచీ ఆయన ఎదుట నిలబడి ఒక్క మాట మాట్లాడి ఎరగదు. ఆయన భోజనానికి కూర్చుంటే తలుపు చాటున నిలబడి, "భారతీ, అల్లుడుగారికి ఇంకొంచెం పప్పు వడ్డించు" అని నాకు చెప్పేది. ఆయనకి వినపడుతూనే ఉంటుంది, "చాలన్నానని చెప్పు చెల్లెమ్మా" అని ఆయనా నాకే చెప్పేవారు. అంత మర్యాద ఉన్నచోట ఇల్లు కట్టే పని పెట్టుకున్నాం. ఇక తప్పొప్పులు అడిగేవాళ్లు ఎవరు?

దాని మీద ఇంకో తెలివైన పని చేశాం. సరిగ్గా ఎదురింట్లోనే అద్దెకు దిగాం. దగ్గరుండి చూసుకోవచ్చని. ఇల్లు కట్టుకునేవాళ్లు అందరూ చేసేదే ఇది. పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని వరండాలో నిలబడి, గోడలు తడిపారా, ఇసుకలో మట్టి కలిసిందా అని చూడటం మనకో సరదా. నాకూ సరదాగానే ఉండేది.

కార్తీకమాసం వెళ్లగానే పాత ఇల్లు పడగొట్టారు. ఆ రోజు లేచిన దుమ్ముకి వీధి చివర కిళ్లీకొట్టు కనిపించలేదు. మా అత్తగారు ఏడ్చింది, నేను ఆవిణ్ణి ఓదార్చాను, ఇద్దరం రోజంతా వరండాలోనే ఉన్నాం. సాయంత్రానికి మా జుట్లు తెల్లగా అయితే ఒకరినొకరు చూసుకుని నవ్వుకున్నాం కూడా. మాఘమాసానికి పిల్లర్లు లేచాయి. రాజ్యం వదిన పెద్ద దిష్టిబొమ్మ తెచ్చి ముందు పిల్లరుకి కట్టించింది. మెలేసిన మీసాలు, బయటికి చాపిన నాలుక, రోడ్డున పోయేవాళ్లని గుడ్లురిమి చూస్తుండేది. చుట్టూ ఒక పరదా కట్టిద్దామని మాత్రం మా ఎవరికీ తోచలేదు.

ఉగాది దాటాక దగ్గు మొదలైంది. మొదట్లో పొద్దుటిపూటే వచ్చేది. పుట్టింటి నుంచి తెచ్చిన చీరల మీద దుమ్ము పడితే బేరాలు పోతాయని, నేను రోజూ లేవగానే ఒక్కొక్క చీరా విప్పి, దులిపి, మళ్లీ మడత పెట్టేదాన్ని. ఆ తర్వాత మూటలన్నిటికీ ప్లాస్టిక్ కవర్లు తొడిగాను. చీరలకి అంత జాగ్రత్త చేసినదాన్ని, దులిపేటప్పుడు నా ముక్కుకి చెంగైనా అడ్డం పెట్టుకోలేదు.

దగ్గుకి ఇంట్లో ఎవరి కారణం వాళ్లు చెప్పారు. మా అత్తగారు దిష్టి అంది. ఇల్లు లేస్తుంటే చూసేవాళ్ల కళ్లన్నీ ఇల్లాలి మీదే ఉంటాయట. ఎర్రనీళ్లు తిప్పి పారబోసింది. మా ఆయన, "చిన్నప్పుడు మగ్గాల ఇంట్లో పీల్చిన నూలు పీచు ఇప్పుడు బయటపడుతోంది" అన్నారు. ఆ మాట అందరికీ నచ్చింది. పుట్టింటి మీదకి నెట్టేస్తే అత్తింటివైపు ఎవరికీ పేచీ ఉండదు కదా! కళ్లెదుట గోడలకి పెట్టే సిమెంటు బ్లాకులు కోసే మిషను గుర్రుమంటూ తెల్లటి పొడి కక్కుతుంటే, కారణం మంగళగిరిలో వెతికారు.

గవర్నర్‌పేట వైపు ఊపిరితిత్తుల డాక్టరుగారు ఒకాయన ఉంటే చూపించుకున్నాం. గొట్టంలో ఊదమన్నారు. బుగ్గలు పూరించి ఊదాను. కాగితం మీద గీత చూసి, "ఆస్తమా వచ్చిందమ్మా. మీరు ఉండేచోట దుమ్ము ఉందా?" అన్నారు. నేను నోరు తెరిచేలోపే మా ఆయన, "ఈవిడ నేతవాళ్ల అమ్మాయండీ" అన్నారు. డాక్టరుగారు తలూపి, ఇన్‌హేలరు రాసిచ్చారు. రోజూ వాడమని, దుమ్ముకి దూరంగా ఉండమని గట్టిగా చెప్పారు.

వాడితే కదా! ఇంటికొచ్చాక వరసపెట్టి పలకరింపులు. "అది అలవాటైపోతుందమ్మా, జీవితాంతం వదలదు" అని ఒకరు. "మా తోటికోడలు దాంతోనే పోయింది" అని ఇంకొకరు. ఆ తోటికోడలు ఆస్తమాతో పోయిందో, దాన్ని వాడకుండా పోయిందో ఎవరికి తెలుసు? నేను భయపడి, నాలుగు రోజులు వాడి, కాస్త తేలికపడగానే దాన్ని అలమరలో పడేసి మిరియాల కషాయం పట్టాను. ఇది చదివేవాళ్లలో ఎవరికైనా ఆ మందు రాసిచ్చి ఉంటే, దయచేసి పలకరించడానికి వచ్చినవాళ్ల మాట వినకండి. కాఫీ ఇచ్చి పంపించండి.

ఎండలు ముదిరాయి. ఒకరోజు మధ్యాహ్నం ఇద్దరు ఆడవాళ్లు చీరలు చూడటానికి వచ్చారు. పెళ్లివాళ్లు. ఎదురుగా ఇసుక లారీ దిమ్మరించి వెళ్లింది, ఇంకోపక్క బ్లాకులు కోస్తున్నారు, వడగాలి కొడుతోంది. తలుపులు వేస్తే ఉక్క, తీస్తే దుమ్ము. నేను ఒక చీర అంచు పట్టుకుని, "ఇది నిజాం బోర్డరండీ, మా అన్నయ్య స్వయంగా..." అన్నాను. తర్వాతి మాట రాలేదు. దగ్గు కూడా కాదు. గాలి లోపలికి పోయింది, బయటికి రావడం లేదు. ఎవరో నా ఛాతీ చుట్టూ తడిగుడ్డ బిగించి పిండుతున్నట్టు ఉంది. వచ్చినావిడ "ఏమైందండీ, ఏమైందండీ" అని నా భుజం పట్టుకుంది. నేను కళ్లతోనే అలమర వైపు చూపించాను. ఆవిడకేం తెలుస్తుంది? చీర చూపిస్తున్నాననుకుంది.

మా అత్తగారు చెప్పులు కూడా వేసుకోకుండా రోడ్డు మీదకి పరిగెత్తి ఆటో ఆపింది. ఆ చీరలు కొనడానికి వచ్చినావిడే నన్ను పొదివి పట్టుకుని ఆసుపత్రి దాకా వచ్చింది. ఆవిడ పేరైనా అడగలేదు నేను. మళ్లీ కనిపించలేదు. ఎక్కడున్నా చల్లగా ఉండాలి ఆ తల్లి.

ఆసుపత్రిలో మూతికి మాస్కు పెట్టి ఆవిరిమందు పట్టారు. కాస్త తెరిపిన పడ్డాక బయట హాల్లో కూర్చోబెట్టారు, డాక్టరుగారు మళ్లీ చూసేదాకా. ఆ హాలు నేను మరిచిపోలేను. అందరూ గోడకి ఆనుకుని, ఎవరి ఊపిరి వాళ్లు వింటూ కూర్చుని ఉన్నారు. ఊపిరి అనేది రోజూ మనకి వినపడదు. వినపడిందంటేనే భయం. ఇక్కడ చచ్చిపోతానా, పిల్లల పరీక్షలు కాలేదే, అత్తగారికి చెప్పులైనా లేవే అని ఏవేవో ఆలోచనలు.

పక్కన కూర్చున్న ముస్లిం ఆవిడ నా వైపు తిరిగింది. వాళ్లాయన్ని లోపల చూస్తున్నారట. తన పేరు షాహిదా అని, వన్‌టౌన్‌లో ఉంటామని చెప్పింది. "భయపడకండమ్మా. కొంచెం ముందుకి వంగి కూర్చోండి. ఆఁ, మోకాళ్ల మీద చేతులు పెట్టండి. ఇప్పుడు వేడి పాలు చల్లార్చుతాం చూడండి, అట్లా మెల్లగా ఊదండి" అంది. ఊదాను. "తొందరేం లేదు. పాలు చల్లారేదాకా ఊదుదాం" అని తను కూడా నాతోపాటు ఊదింది. ఇద్దరం అలా లేని పాలు ఊదుకుంటూ కూర్చుంటే నాకు నవ్వొచ్చింది. నవ్వితే ఊపిరి కాస్త కుదుటపడింది. ఇప్పటికీ ఆయాసం వస్తుందేమోనని అనుమానం వస్తే అలాగే ఊదుకుంటాను.

మా ఆయన కొట్టు మూసి పరిగెత్తుకొచ్చారు. మొహంలో నెత్తురుచుక్క లేదు. నా చెయ్యి పట్టుకుని పక్కన కూర్చున్నారు. పెళ్లయ్యాక ఆయన నలుగురిలో నా చెయ్యి పట్టుకోవడం అదే మొదటిసారి. అంతలో ఆయన ఫోను మోగింది. మోహన్‌రావు అన్నయ్యగారు. ఇప్పుడైనా మా ఆయన చెప్తారు, 'బావా, ఆ కోత ఆపించు, మనిషి పోయేట్టుంది' అంటారు అనుకున్నాను. "ఏం లేదు బావా, భారతికి కొంచెం నలతగా ఉంది. కిటికీల సంగతి రేపు మాట్లాడదాం" అన్నారు.

కొంచెం నలత! నాకు ఒళ్లు మండిపోయింది. మాట్లాడే ఓపిక లేక ఊరుకున్నాను గానీ, చెయ్యి మాత్రం లాగేసుకున్నాను.

ఆసుపత్రి నుంచి వచ్చాక మా అన్నయ్య వచ్చి మంగళగిరి తీసుకెళ్లాడు. వాళ్లింట్లో ముందు గదిలో ఇప్పటికీ మగ్గాలు ఆడతాయి. మా ఆయన బస్సెక్కించేటప్పుడు, "అక్కడ నూలు పీచు ఉంటుంది, జాగ్రత్త" అన్నారు పాపం. మందు మానకుండా వాడుతూ ఆ మగ్గాల పక్క గదిలోనే పడుకున్నాను. పగలంతా మగ్గం మీద అటూ ఇటూ ఆడే నాడె చప్పుడు వింటూ ఉన్నాను. వారం తిరిగేసరికి ఆయాసం లేదు, దగ్గు లేదు. మా వదిన పెట్టిన గోంగూర తిని, గుడి దాకా నడిచి వచ్చాను. మగ్గమే నా రోగానికి కారణమైతే, మగ్గం పక్కన నాకు ఎందుకు నయమైంది? ఈ ప్రశ్న ఎవరినీ అడగక్కర్లేకుండా దానంతటదే తేలిపోయింది.

ఆషాఢం చివర తిరిగి వచ్చాను. రెండో రోజే మళ్లీ ఆయాసం, ఊపిరి తీస్తే ఛాతీలో పిల్లికూతలు. మందు వాడుతున్నాను కాబట్టి ఆసుపత్రి దాకా పోలేదు గానీ, మెట్టు ఎక్కలేను, మంచం దిగలేను. డాక్టరుగారి దగ్గర ఈసారి మా ఆయన్ని మాట్లాడనివ్వలేదు. మంగళగిరిలో ఎలా ఉన్నదీ, ఇక్కడ ఎలా ఉంటున్నదీ నేనే చెప్పాను. ఆయన కళ్లద్దాలు తీసి, "అమ్మా, ఉన్న మాట చెప్తాను. మందు సగం పనే చేస్తుంది. ఆ దుమ్ము ఆగకపోతే ఈ ఊపిరితిత్తులు మళ్లీ ఇదివరకటిలా కావు. అయితే దుమ్ము ఆగాలి, లేదా మీరు అక్కడి నుంచి వెళ్లిపోవాలి" అన్నారు.

ఇంటికొచ్చాక మా ఆయన, "ఇల్లు పూర్తయ్యేదాకా మంగళగిరిలో ఉండరాదూ?" అన్నారు. మంచికే అన్నారు. నాకు మాత్రం అలా వినపడలేదు. పొమ్మనలేక పొగబెట్టడం అంటారు కదా, నన్ను నా ఇల్లే దుమ్ముబెట్టి పంపిస్తోంది అనిపించింది. "బావగార్ని ఒక్క మాట అడగడం కంటే పెళ్లాన్ని పుట్టింటికి పంపడమే తేలికా మీకు?" అన్నాను. "అడిగితే అక్క ఏమనుకుంటుంది? పని మధ్యలో తేడాలొస్తే ఇల్లు ఎటూ కాకుండా పోతుంది" అన్నారు. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. ఆ రెండూ ఒకే అల్లుడితో పెట్టుకోవద్దని చెప్పడం మరిచిపోయారు.

శ్రావణమాసంలో ఒకరోజు ముక్కుకి తడి చెంగు కట్టుకుని వార్డు సచివాలయానికి వెళ్లాను. అక్కడ ఇళ్ల ప్లానులూ అనుమతులూ చూసే అమ్మాయి మా పిల్ల వయసుదే. కుర్చీ జరిపి కూర్చోమంది. నా ఆయాసం తగ్గేదాకా ఆగింది.

"చెప్పండాంటీ."

"మా వీధిలో ఇల్లు కడుతున్నారమ్మా. ఆ దుమ్ముకి నాకు ఊపిరాడటం లేదు."

"ఎవరిదండీ ఇల్లు?"

"మాదే."

ఆ అమ్మాయి పెన్ను కింద పెట్టింది. "అంటే... దాని పక్కనున్న ఇల్లు మీదా?"

"కాదమ్మా, కడుతున్నదే మాది. అనుమతి మా ఆయన పేరునే ఉంది. కట్టేది మా ఆడపడుచు భర్త."

నవ్వుతుందేమో అనుకున్నాను. నవ్వలేదు. "నోటీసు ఇస్తే అంకుల్‌కే వస్తుందాంటీ మరి" అంది మెల్లగా. ఆ తర్వాత అన్నీ విడమరిచి చెప్పింది. అనుమతి ఇచ్చేటప్పుడే షరతులు ఉంటాయట. చుట్టూ ఎత్తుగా రేకులు కట్టాలి, పైనుంచి కింద దాకా ఆకుపచ్చ పరదా దించాలి. ఇసుక, కంకర రోడ్డు మీద పోయకూడదు, టార్పాలిన్ పట్టా కప్పాలి. రాళ్లయినా టైల్సయినా పొడిగా కోయకూడదు, నీళ్లు పోస్తూ కోయాలి. రోజూ నీళ్లు చల్లాలి. లారీలు కప్పుకుని రావాలి. పనివాళ్లకి మాస్కులు ఇవ్వాలి.

"ఇన్ని ఉన్నాయా! మరి ఎవరూ చేయరేమమ్మా?"

"అడిగినచోట చేస్తారాంటీ. చుట్టుపక్కలవాళ్లు ఎవరికి వాళ్లు మొహమాటపడతారు. రేపు వాళ్లూ కట్టుకోవాలి కదా" అంది. "పని ఆపించమంటారా?"

"అమ్మో, ఆపితే మేం అద్దింట్లోనే ముసలివాళ్లమైపోతాం. ఆపొద్దు తల్లీ, తడిపించు చాలు."

"అయితే వచ్చి చూసి, చెప్పి చేయిస్తాను. చేయకపోతే అప్పుడు నోటీసు."

"నాలుగు రోజులు ఆగు. ముందు ఇంట్లో చెప్పి చూస్తాను" అని లేచాను. ఆ అమ్మాయి గుమ్మం దాకా వచ్చి ఆటో ఎక్కించింది.

సాయంత్రం ఈ మాట చెప్పేసరికి మా ఆయన అగ్గిమీద గుగ్గిలమయ్యారు. "మన ఇంటి మీద మనమే ఫిర్యాదు చేసుకోవడమేమిటి? నలుగురూ నవ్వరూ?" అన్నారు. "నవ్వనివ్వండి. నవ్వడానికి వాళ్లకి ఊపిరుంది" అన్నాను. మా అత్తగారు గుమ్మం దగ్గర వత్తులు చేసుకుంటూ అంతా వింది.

మర్నాడు మధ్యాహ్నం టైల్స్ కోత మొదలైంది. బ్లాకుల కోత దీని ముందు ఎంత! ఎర్రటి పొడి మేఘంలా లేచి నేరుగా మా వరండాలోకి వచ్చింది. నేను మంచం మీద ముందుకి వంగి, పాలు ఊదుతున్నాను. మా అత్తగారు నా వీపు రాస్తూ కాసేపు కూర్చుంది. తర్వాత లేచి, చీర కుచ్చిళ్లు సర్దుకుని, చెంగు భుజం నిండా కప్పుకుంది. "ఎక్కడికి అత్తయ్యా?" అంటే, "ఇప్పుడే వస్తా" అంది. కిటికీలోంచి చూస్తూ ఉండిపోయాను. ఆవిడ తిన్నగా రోడ్డు దాటింది. మోహన్‌రావు అన్నయ్యగారు అక్కడే కుర్చీ వేసుకుని మేస్త్రితో మాట్లాడుతున్నారు. అత్తగారిని చూడగానే ఉలిక్కిపడి లేచారు.

"అత్తయ్యగారూ! మీరెందుకొచ్చారు ఎండలో? ఎవరితోనైనా చెప్పి పంపకపోయారా?"

"ఇన్నాళ్లూ ఎవరితోనో చెప్పించబట్టే ఇలా తగలడింది అల్లుడుగారూ" అంది ఆవిడ. మిషను శబ్దం మీద కూడా నాకు వినపడింది. "మిమ్మల్ని ఏనాడూ ఒక మాట అన్నదాన్ని కాను. ఇవాళ అంటున్నా, ఏమీ అనుకోకండి. ఆ ఇంట్లో పాలు పొంగించాల్సింది నా కోడలు. అదే లేకపోతే ఆ గోడలు చూసుకుని నేనేం చేసుకోను? అదిగో, పడి రొప్పుతోంది, వచ్చి చూడండి."

"రొప్పడమేమిటి? నలతన్నాడే బామ్మర్ది?"

"వాడికి మీరంటే భయం. నాకూ భయమే. అయినా వచ్చా. ఆ మిషను ఆపించండి. నీళ్లు పోసి కోయించండి. చుట్టూ పరదా కట్టించండి. అంతదాకా నేనిక్కణ్ణుంచి కదలను" అని ఆయన కుర్చీలోనే కూర్చుంది. అల్లుడు నిలబడి ఉండగా మా అత్తగారు కుర్చీలో కూర్చుంది! వీధిలో ఆడవాళ్లందరూ గేట్ల దగ్గరికి వచ్చేశారు.

ఆయన మిషను ఆపించారు. ఆ నిశ్శబ్దం ఎంత హాయిగా ఉందో చెప్పలేను. ఆ తర్వాత ఆయనే రోడ్డు దాటి వచ్చి, గుమ్మంలో చెప్పులు విడిచి లోపలికి వచ్చారు. నన్ను చూశారు. నా వంగిన వీపూ, నా పిల్లికూతలూ. "ఇంత ఉందని నాకెవరూ చెప్పలేదేం చెల్లెమ్మా?" అన్నారు. కళ్లలో నీళ్లు తిరిగాయి ఆయనకి. "ఇరవై ఇళ్లు కట్టాను. ఒక్కరైనా ఈ మాట అనలేదు" అన్నారు. నిజమే కదా, ఆయనకి మాత్రం ఎవరు చెప్పారు? అల్లుడని మేము చెప్పలేదు, బిల్డరని వీధివాళ్లు చెప్పలేదు. మేమందరం తలుపుల చాటునే ఉండిపోయాం.

రెండు రోజులు పని ఆపి రేకులు కట్టించారు. ఆకుపచ్చ పరదా దిగింది. టైల్స్ కోసేచోటుకి నీళ్ల పైపు వచ్చింది. ఇసుక లోపలికి పోయింది, దాని మీద పట్టా కప్పారు. పొద్దున, మధ్యాహ్నం రోడ్డు తడిపేవారు. వార్డు సచివాలయం అమ్మాయి వచ్చి చూసి, నాకు కిటికీలోంచి చెయ్యి ఊపి వెళ్లింది. ఇంటిపని కాస్త వెనకపడింది, పడితే పడింది. కోత దగ్గర కూర్చునే పిల్లవాడికి అప్పటిదాకా మొహానికి తువ్వాలు తప్ప ఏమీ లేదు. మాస్కు వచ్చింది. నేను వరండాలో ఉండి పీల్చినదే ఇంత చేస్తే, రోజంతా ఆ మిషను మీద వంగి ఉండేవాళ్ల గతి ఏమిటని అప్పుడు గాని నా బుర్రకి తట్టలేదు. అక్కడే పనిచేసే మేస్త్రి భార్య కూడా చాలాకాలంగా దగ్గుతోందట. ఆవిణ్ణి డాక్టరుగారి దగ్గరికి మోహన్‌రావు అన్నయ్యగారే పంపించారు.

మా ఆయన కొన్నాళ్లు నా ఎదుటపడటానికి సిగ్గుపడ్డారు. తల్లి చేసిన పని తను చేయలేకపోయానని. నేను కూడా ఏమీ తేలిక చేయలేదు లెండి. ముభావంగా కాఫీ ఇచ్చి, ముభావంగా అన్నం పెట్టాను. రాజ్యం వదిన మాత్రం అలగలేదు. వచ్చి నా పక్కన కూర్చుని, "మా ఆయనకి చెప్పేవాళ్లు లేక చెడిపోయాడే, మా అమ్మ బాగుచేసింది" అని నవ్వింది. దేనికైతే అంత భయపడ్డామో అది అసలు జరగనే లేదు.

కార్తీకం నాటికి పిల్లికూతలు పోయాయి. డాక్టరుగారు మళ్లీ గొట్టంలో ఊదించి, గీత చూసి, "బాగుందమ్మా, మందు మాత్రం నేను చెప్పేదాకా మానొద్దు" అన్నారు. మానలేదు. ఎవరు పలకరించినా సరే.

మొన్న మాఘమాసంలో గృహప్రవేశం. ఆవునీ దూడనీ తిప్పారు, పాలు పొంగాయి. హోమం దగ్గరికి వచ్చేసరికి నాకు లోపల బెదురు మొదలైంది. హాల్లో వద్దని మేడ మీద, ఆరుబయట పెట్టించారు. అయినా పొగ పొగే కదా. బంధువులందరూ చుట్టూ ఉన్నారు. ఇంత జరిగాక ఇప్పుడు కూడా నా గోలేనా అని సంకోచపడి, పీటల మీద మా ఆయన పక్కన కూర్చున్నాను. పంతులుగారు నెయ్యి వేసి మంత్రం అందుకున్నారు. కృష్ణా నది మీంచి వచ్చే గాలి ఉన్నట్టుండి తిరిగి, పొగంతా నా మొహం మీదకి కొట్టింది. దగ్గు ఆపుకుంటూ తల దించుకున్నాను.

మా ఆయన లేచి నిలబడ్డారు.

"కూర్చోవయ్యా, పీటల మీంచి లేవకూడదు!" అని ఎవరో పెద్దావిడ కేకేసింది. "హోమం మధ్యలో అదేమిటండీ?" అని పంతులుగారు. మోహన్‌రావు అన్నయ్యగారు కూడా, "బామ్మర్దీ, కూర్చో, అయిపోవచ్చింది" అన్నారు. మా ఆయన ఎవరి వైపూ చూడలేదు. నా చెయ్యి పట్టుకుని లేపి, నా పీట తీసుకెళ్లి గాలివాలుకి ఎగువన, పిట్టగోడ పక్కన వేశారు. నన్ను అక్కడ కూర్చోబెట్టి, వెనక్కి తిరిగారు.

"కాసేపు ఆగండి పంతులుగారూ. ముందు మా ఆవిడని ఊపిరి తీసుకోనివ్వండి. బావా, నువ్వు కూడా ఆగు" అన్నారు. గొంతు వణికింది గానీ, మాట మేడంతా వినపడింది.

అందరూ ఆగారు. నేను తొందరపడలేదు. తీరిగ్గా, కడుపు నిండా గాలి పీల్చుకుని, ఆయన వైపు చూసి, "ఇక కానివ్వండి" అన్నాను.